తోట దీపాలకు పన్నెండు వోల్టులు చాలు

‘లో వోల్టేజి’ అనగానే మన ఇళ్లలో గుర్తుకు వచ్చేవి వేసవి రాత్రి నీరసంగా తిరిగే ఫ్యాను, మినుకుమినుకుమనే బల్బు, కాలిపోయిన బోరు మోటారు. మనకు అది ఒక అవస్థ పేరు. వైద్య పరిభాషలో అదే మాటకు అర్థం వేరు. వెయ్యి వోల్టుల లోపు విద్యుత్తు వల్ల కలిగే గాయాలన్నింటినీ మేము లో వోల్టేజి గాయాలుగానే రాస్తాము. ఆ లెక్కన మీ ఇంటి గోడలో ఉన్న 230 వోల్టులు వైద్యుని పుస్తకంలో తక్కువ వోల్టేజియే. గుండెను ఆపివేయడానికి మాత్రం అది తక్కువేమీ కాదు. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది మూడవ రకం లో వోల్టేజి. పెరటిలో, తోటలో, నడకదారి పక్కన అమర్చుకునే దీపాలకు 230 వోల్టులను గోడ దగ్గరే ఆపి, అక్కడి నుండి 12 వోల్టులో 24 వోల్టులో మాత్రమే పంపే ఏర్పాటు అది.

రక్తపోటు, మధుమేహం గురించి చెప్పవలసినవాడు కరెంటు పని గురించి చెబుతున్నాడేమిటని మీరు అనుకోవచ్చు. మన దేశంలో ప్రతి సంవత్సరం విద్యుదాఘాతంతో మరణిస్తున్నవారి సంఖ్య పది వేలకు పైమాటే. వీరిలో చాలామంది ఏ రోగమూ లేనివారు, పనిచేసుకునే వయసులో ఉన్నవారు. ఇంజక్షనుతోనో మాత్రతోనో ఆ మరణాలను ఆపే అవకాశం మాకు దాదాపు ఉండదు. వాటిని ఆపగలిగేది ఇంటి యజమాని, ఎలక్ట్రీషియను. అందువల్ల ఇది ఆరోగ్య విషయమేనని నా ఉద్దేశం.

ముందుగా ఒక మాట. తోటలో దీపాలు వద్దని నేను అనడం లేదు. అరవై దాటినవారు చీకటిలో మెట్టు తప్పి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం ఎంత పెద్ద విపత్తో ఆర్థోపెడిక్ వార్డు చూసినవారికి తెలుసు. వానకాలంలో రక్తపింజరి, కట్లపాము తిరిగే మన ప్రాంతాలలో దారిమీద వెలుతురు ఉండటం సోకు కాదు, అవసరం. మెట్ల దగ్గర, గేటు దగ్గర, తులసికోట దగ్గర దీపం ఉండవలసిందే. నా అభ్యంతరమల్లా ఆ దీపానికి ఏ వోల్టేజి పంపుతున్నారన్న దానిపైనే.

కరెంటు షాక్ తగిలినప్పుడు శరీరంలో జరిగేది ఒక సాధారణమైన భాగహారం. వోల్టేజిని శరీరపు నిరోధంతో భాగిస్తే ఎంత కరెంటు మన గుండా ప్రవహిస్తుందో వస్తుంది. మన నిరోధంలో అధిక భాగం చర్మానిదే. పొడిగా, కాయలు కాచిన అరచేతి చర్మం వేల ఓములు, ఒక్కొక్కప్పుడు అంతకు ఎన్నో రెట్లు అడ్డుకుంటుంది. అదే చర్మం తడిసిందంటే ఆ రక్షణ కూలిపోయి, మొత్తం శరీరం వెయ్యి ఓముల చుట్టుపక్కలకు దిగిపోతుంది. 230ని వెయ్యితో భాగించండి: 230 మిల్లీ ఆంపియర్లు.

ఆ అంకెకు అర్థమేమిటో చూద్దాం. ఒక మిల్లీ ఆంపియరు దగ్గర వేలికి చిన్న జలదరింపు తెలుస్తుంది. పది, పదహారు మిల్లీ ఆంపియర్ల దగ్గర చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న తీగను మనిషి వదలలేడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన చార్లెస్ డాల్జియల్ స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారిపై ఈ ‘వదలగలిగే హద్దు’ను కొలిచి, సగటున పురుషులకు 16, స్త్రీలకు 10.5 మిల్లీ ఆంపియర్లని తేల్చాడు. పిల్లలకు ఇంకా తక్కువని అనుకోవాలి. ముప్పై దాటితే ఛాతీ కండరాలు బిగుసుకుని ఊపిరి ఆడదు. యాభై, వంద మిల్లీ ఆంపియర్ల మధ్య గుండె కింది గదులు లయ తప్పి, సంచిలో పురుగులు కదిలినట్లు వణకడం మొదలవుతుంది. దానిని వెంట్రిక్యులార్ ఫిబ్రిలేషన్ అంటాము. ఆ వణుకుతో రక్తం ముందుకు కదలదు. పది, పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది, కొద్ది నిమిషాలలో మెదడు దెబ్బతింటుంది. మన ఇళ్లకు వచ్చే 50 హెర్ట్జుల ప్రత్యావర్తన విద్యుత్తు ఈ విషయంలో అదే పరిమాణంలో ఉన్న ఏకముఖ విద్యుత్తు కంటే ప్రమాదకరం కూడా.

ఇప్పుడు మీ తోటను ఊహించుకోండి. ఉదయమో సాయంత్రమో మొక్కలకు నీళ్లు పట్టే వేళ. నేల తడి, పైపు తడి, చేతులు తడి. మనం పెరటిలోకి చెప్పులు లేకుండా వెళ్లేవాళ్లం; పూలు కోసేటప్పుడైతే తప్పనిసరిగా వట్టి కాళ్లే. ఇంటిలోపల గచ్చుమీద, చెప్పులతో, పొడి చేతులతో స్విచ్చు వేసే మనిషికీ ఈ మనిషికీ పోలిక లేదు. మానవ శరీరం విద్యుత్తుకు అతి తక్కువ అడ్డు చెప్పే స్థలం స్నానాల గది తరువాత తోటే. అటువంటి చోట ఇనుప దీపస్తంభాన్ని నిలబెట్టి, అందులోకి 230 వోల్టులు పంపి, కలిపిన చోట నల్ల టేపు చుట్టి వదిలివేయడం మన వాడుక.

ఆ టేపు గతి మీరు చూసే ఉంటారు. రెండు ఎండాకాలాలు గడిస్తే జిగురు కరిగి కారిపోతుంది, చివర ఊడి వేలాడుతుంది. మట్టిలో వేసిన తీగను ఎలుకలు, పందికొక్కులు కొరుకుతాయి. కోస్తాలో ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పడతాయి. తోటమాలి కొత్త మొక్కకు గొయ్యి తీస్తూ గునపంతో ఒక పోటు పొడుస్తాడు. తీగ ఎక్కడ ఉందో అతనికి చెప్పినవారు ఉండరు. సరిగా వేసిన 230 వోల్టుల భూగర్భ కేబులు కవచంతోనో దృఢమైన పైపులోనో, గునపం సులభంగా అందనంత లోతున ఉండాలి. మన తోటలలో ఎన్నిటిలో అలా ఉంది? నేలమీద పరిచి, పైన గుప్పెడు మట్టి కప్పినవే ఎక్కువ. పండుగలకు, పెళ్లిళ్లకు చెట్లకు చుట్టే సీరియల్ సెట్ల సంగతి ఇంకా ఘోరం. వెంట్రుకంత తీగ, దానిమీద కాగితమంత పూత, అందులో ఇంటి కరెంటు. పండుగ అయిపోయినా వాటిని కొమ్మలమీదే వదిలివేసే ఇళ్లు చాలా ఉన్నాయి.

‘మాకు ఎంసీబీ ఉంది కదా’ అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఎంసీబీ తీగను కాపాడటానికి పుట్టినది, మనిషిని కాదు. ఆరు ఆంపియర్ల ఎంసీబీ ఆరు ఆంపియర్లు దాటితే గాని చలించదు. మనిషి ప్రాణం ఆంపియరులో పదవ వంతుకే పోతుంది. ‘ఎర్తింగు ఉంది’ అనేది మరొక ధైర్యం. దానినీ లెక్క వేద్దాం. వేసవిలో నీళ్లు పోయని ఎర్త్ గుంత నిరోధం ఇరవై ఓములు ఉండటం విడ్డూరం కాదు. దీపస్తంభానికి ఫేజు తగిలితే ఆ గుంత గుండా పోయే కరెంటు 230 బై 20, అంటే పదకొండున్నర ఆంపియర్లు. పదహారు ఆంపియర్ల ఎంసీబీ అలాగే నిలిచి ఉంటుంది, స్తంభంలో కరెంటూ అలాగే నిలిచి ఉంటుంది. దానిని ఆనుకుని ఆడుకునే పిల్లవాడికి ఈ సంగతి తెలియదు.

మనిషిని కాపాడటానికి ఉద్దేశించిన పరికరం ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది నిరంతరం తూకం వేస్తుంది. తేడా ముప్పై మిల్లీ ఆంపియర్లకు చేరేలోగానే, సెకనులో చిన్న భాగంలో సరఫరా కత్తిరిస్తుంది. గృహ కనెక్షన్లలో ఈ హద్దు 30 మిల్లీ ఆంపియర్లకు మించరాదని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. ఇందాక చెప్పిన డాల్జియలే 1961లో అమెరికాలో ఈ జాతి పరికరాన్ని రూపొందించాడు. 1968 నుండి అక్కడ ఈత కొలనుల దీపాలకు దానిని తప్పనిసరి చేశారు. అయితే ఆర్‌సీసీబీకీ పరిమితులు ఉన్నాయి. ఒక చేత ఫేజు, మరొక చేత న్యూట్రల్ పట్టుకున్నవాడిని అది గుర్తించలేదు. దాని లెక్కలో ఆ మనిషి కూడా ఒక బల్బే. ఏళ్ల తరబడి కదపకపోతే లోపలి యంత్రం బిగుసుకుపోవచ్చు కూడా. దానిమీద ఉండే ‘టెస్ట్’ మీట నెలకొకసారి నొక్కడానికే పెట్టారు. మీ ఇంట్లో ఆ మీట చివరిసారి ఎప్పుడు నొక్కారు?

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తోటలోకి 230 వోల్టులు అసలు అడుగు పెట్టకూడదు. ఇంటి గోడే దాని పొలిమేర. ఆ పొలిమేరమీద ఒక పవర్ సప్లై పెట్టి, దాని అవతల 12 లేదా 24 వోల్టులు మాత్రమే పోనివ్వాలి. ఆర్‌సీసీబీ ప్రమాదం మొదలైన తరువాత దానిని కత్తిరిస్తుంది. తక్కువ వోల్టేజి ఆ ప్రమాదాన్ని పుట్టనివ్వదు. మొదటిది మందు అయితే రెండవది టీకా. రెండూ ఉండాలి, కానీ టీకా వేయించుకోగలిగిన చోట మందును నమ్ముకుని కూర్చోవడం తెలివి కాదు.

పన్నెండును అదే వెయ్యి ఓములతో భాగిస్తే పన్నెండు మిల్లీ ఆంపియర్లు వస్తుంది. అది అత్యంత తడి స్థితిలో వచ్చే లెక్క. పైగా ఇంత తక్కువ వోల్టేజికి చర్మం మరింత గట్టిగా అడ్డుకుంటుంది కాబట్టి నిజానికి ప్రవహించేది ఇంకా తక్కువ. తెగిన తీగను తడి చేతితో పట్టుకున్నా గుండెకు ప్రమాదం కలిగే స్థితి దాదాపు రాదు. నీటిలో మునిగి ఉండే దీపాలకు, అంటే ఫౌంటెనుకు, చిన్న తామర కొలనుకు, 12 వోల్టులనే నియమంగా పెట్టుకోండి. అక్కడ 24 కూడా వద్దు. ఫౌంటెను పంపు కూడా 12 వోల్టులది దొరుకుతుంది. దీపాలు 12లో పెట్టి, అదే నీటిలో 230 వోల్టుల సబ్‌మెర్సిబుల్ పంపు దింపితే చేసిన పనికి అర్థం లేదు.

ఇక పవర్ సప్లై సంగతి. మీ ప్రాణాన్ని కాపాడేది 12 అన్న అంకె ఒక్కటే కాదు. 230 వోల్టుల వైపుకూ 12 వోల్టుల వైపుకూ మధ్య లోహపు సంబంధం ఏదీ లేకుండా, అయస్కాంత క్షేత్రం ద్వారా మాత్రమే శక్తి దాటడమే అసలు రక్ష. దీనిని ఐసొలేషన్ అంటారు. రెండు చుట్లు పూర్తిగా వేరుగా ఉన్న ట్రాన్స్‌ఫార్మరులో ఇది ఉంటుంది. ఒకే చుట్టులో నుండి మధ్యలో తీగ తీసిన ఆటోట్రాన్స్‌ఫార్మరులో ఉండదు. కెపాసిటరుతో వోల్టేజి తగ్గించే చవక డ్రైవర్లలో కూడా ఉండదు. వాటి అవుట్‌పుట్‌లో మీటరు పెట్టి చూస్తే రెండు తీగల మధ్య తక్కువ వోల్టేజే చూపిస్తుంది, కానీ నేలకూ తీగకూ మధ్య 230 వోల్టులు పొంచి ఉంటాయి. కొనేటప్పుడు ‘ఐసొలేటెడ్’ అని, ‘ఎస్.ఇ.ఎల్.వి.’ అని డబ్బామీద ఉందో లేదో చూడండి. బి.ఐ.ఎస్. రిజిస్ట్రేషన్ గుర్తు లేని ఎల్ఈడీ డ్రైవరును ఎంత చవకగా ఇచ్చినా ఇంటికి తీసుకురావద్దు.

మరొకటి. సీసీ కెమెరాలకు, హాలులో పైకప్పు లైట్లకు వాడే రంధ్రాల రేకు పెట్టె మీరు చూసే ఉంటారు. ఒక పక్కన వరుసగా స్క్రూలు, అందులో రెండింటిలో 230, వాటి పక్కనే 12 వోల్టులు. అది గదిలోపల వాడుకోవడానికి చేసినది. దానినే పాలిథిన్ కవరులో చుట్టి గోడకు కట్టేవారు ఉన్నారు. కవరులో తేమ చేరుతుంది, చీమలు గూడు పెడతాయి, బల్లి రెండు స్క్రూల మధ్య పడుకుంటుంది. వేడి బయటకు పోక లోపలి భాగాలు త్వరగా చెడిపోతాయి. బయట పెట్టే సప్లైకి ఐపీ65 అయినా, వాన నేరుగా పడే చోట ఐపీ67 అయినా ఉండాలి. ఐపీ తరువాతి మొదటి అంకె దుమ్ము గురించి, రెండవది నీటి గురించి చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ రక్షణ ఎక్కువ.

దానిని ఎక్కడ పెట్టాలి? చూరు కింద, గోడమీద, పిల్లల చేతికి అందని ఎత్తులో. నేలకు కనీసం అడుగు ఎత్తున ఉండాలని తయారీదారులు చెబుతారు. ఒక్క వానకు వీధి చెరువయ్యే మన పట్టణాలలో నేను మూడు, నాలుగు అడుగులు అంటాను. చుట్టూ గాలి ఆడాలి. దానికి వచ్చే 230 వోల్టుల తీగ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ద్వారా రావాలి, ఒక విడి స్విచ్చు ఉండాలి, లోహపు పెట్టె అయితే దానికి ఎర్త్ కలపాలి. ఈ భాగం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుతోనే చేయించండి. వీడియో చూసి చేసుకునే పని కాదిది. అవతలి వైపు 12 వోల్టుల పని ఓపిక ఉన్నవారు ఎవరైనా చేసుకోవచ్చు. విశ్రాంత జీవితంలో మంచి కాలక్షేపం కూడా. ఆ వైపు తీగను మాత్రం ‘భద్రత కోసం’ అంటూ ఎర్త్‌కు కలపనివ్వకండి. రెండు వైపుల తీగలనూ ఒకే పైపులో పంపనివ్వకండి. ఒకదాని పూత దెబ్బతింటే ఇన్ని జాగ్రత్తలూ అక్కడికక్కడే రద్దవుతాయి.

ఎంత సామర్థ్యం ఉన్నది కొనాలన్నది తేలిక లెక్క. ఆరు వాట్ల దీపాలు పది అయితే అరవై వాట్లు. సప్లైని దాని శక్తిలో ఎనభై శాతానికి మించి వాడకూడదు కాబట్టి 75 వాట్లది కావాలి. మరొక రెండు దీపాలు తరువాత పెట్టే ఆలోచన ఉంటే 100 వాట్లది.

ఎలక్ట్రీషియన్లు 12 వోల్టులంటే ఎందుకు మొహం చిట్లిస్తారో కూడా చెప్పాలి, వారి మాటలోనూ నిజం ఉంది. అరవై వాట్లకు 230 వోల్టులలో పావు ఆంపియరు చాలు. 12 వోల్టులలో ఐదు ఆంపియర్లు కావాలి. తీగ చిన్నదైతే దారిలోనే వోల్టేజి ఖర్చయిపోతుంది. ఇరవై మీటర్ల దూరానికి ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేశారనుకోండి. రాకపోకలు కలిపి నలభై మీటర్లు, సుమారు అర ఓము నిరోధం. ఐదు ఆంపియర్లకు దాదాపు రెండున్నర వోల్టులు పోయి, చివరి దీపాలకు తొమ్మిదిన్నర మిగులుతుంది. అవి మసకగా వెలుగుతాయి, ‘చూశారా, చెప్పానా’ అంటాడు ఎలక్ట్రీషియను. అదే దూరానికి నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది ఒక వోల్టులోపు. లేదా 24 వోల్టుల సప్లై, 24 వోల్టుల దీపాలు తీసుకుంటే కరెంటు సగమై, పాత ఒకటిన్నర తీగతోనే నష్టం ఐదు శాతానికి దిగుతుంది. సప్లైని తోట మధ్యకు దగ్గరగా ఉన్న గోడమీద పెట్టి, అక్కడి నుండి రెండు మూడు పాయలుగా తీగలు తీసినా సరిపోతుంది. పొడవాటి తోటకు 24, చిన్న పెరటికి 12 అని గుర్తు పెట్టుకోండి. నీటిలోని దీపాలకు మాత్రం ముందు చెప్పినట్లు 12 వోల్టుల పాయ విడిగా ఉండాలి.

తక్కువ వోల్టేజికి ఉన్న అసలు దోషం వేడి. షాక్ కొట్టదు కదా అని అతుకులు అశ్రద్ధగా వేస్తారు. వదులుగా ఉన్న అతుకు దగ్గర ఓములో ఐదవ వంతు నిరోధం ఉన్నా, ఐదు ఆంపియర్లు పోతున్నప్పుడు అక్కడ ఐదు వాట్ల వేడి పుడుతుంది. గోరంత చోట ఐదు వాట్లంటే ప్లాస్టిక్‌ను మెత్తబరచి, ఎండుటాకులకు నిప్పంటించగలదు. అందువల్ల అతుకులు మెలితిప్పి టేపు చుట్టేవి కాకుండా, లోపల జెల్ నింపిన వాటర్‌ప్రూఫ్ కనెక్టర్లతో వేయాలి. ప్రతి పాయకూ ఒక ఫ్యూజు ఉండాలి. తీగను అరడుగు లోతున పైపులో పాతితే గునపం తగిలినా పోయేది తీగే.

ఇంకొక్క జాగ్రత్త చిన్నదిగా కనిపిస్తుంది గాని నా దృష్టిలో చాలా పెద్దది. పదేళ్ల తరువాత ఆ ఇంట్లో మీరు ఉండకపోవచ్చు. సప్లై చెడిపోయిన రోజున వచ్చిన కొత్త ఎలక్ట్రీషియను గోడ దగ్గర రెండు తీగలు చూసి, అవి మామూలు తీగలే అనుకుని నేరుగా 230 వోల్టులకు కలిపివేయవచ్చు. దీపాలు కాలిపోవడం అటుంచి, కాలని తీగలన్నీ అరడుగు లోతున, తడి మట్టిలో, ఇంటి కరెంటుతో నిండిపోతాయి. కాబట్టి సప్లై పెట్టె మీద, తీగ బయటకు వచ్చే ప్రతి చోటా ‘12 వోల్టులు మాత్రమే, మెయిన్‌కు కలపరాదు’ అని చెరగని అక్షరాలతో తెలుగులో రాయించండి. ఇంగ్లీషులో రాస్తే చదవవలసినవాడు చదవకపోవచ్చు.

ఖర్చు మాట వస్తుంది. మంచి సప్లై, లావు తీగ, జెల్ కనెక్టర్లు కలిపితే మామూలు పద్ధతి కంటే ఎక్కువే అవుతుంది. గేటు గ్రానైటుకు, స్తంభాల మీది ఇత్తడి సింహాలకు లెక్క చూడని ఇంటి యజమాని ఇక్కడ మాత్రం బేరమాడటం నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం. నిజంగా చేతిలో డబ్బు లేనివారికి సోలార్ దీపాలు ఉన్నాయి. వెలుతురు తక్కువే, బ్యాటరీ రెండు మూడేళ్లకు మార్చాలి, మబ్బు రోజుల్లో తొందరగా ఆరిపోతాయి. అయినా నల్ల టేపు చుట్టిన 230 వోల్టుల కంటే వెయ్యి రెట్లు నయం.

ఇన్ని చెప్పినా, పక్కింటి తోటలోనో గణపతి పందిరి దగ్గరో ఎవరికైనా షాక్ తగిలితే మీరు అక్కడ ఉండవచ్చు. ముందు మెయిన్ ఆపండి. ఆపే వీలు లేకపోతే పొడి నేలమీద నిలబడి, పొడి కర్రతో తీగను తొలగించండి. అంతవరకు మనిషిని తాకవద్దు. ఒకరిని రక్షించబోయి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్లు ఉన్నాయి. కరెంటు తీసిన తరువాత పిలిచినా పలకక, ఊపిరి మామూలుగా తీసుకోకపోతే, 108కి ఫోను చేయమని ఒకరికి చెప్పి, మీరు వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడుమ రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఆనించి, ఐదారు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కాలి. అప్పుడప్పుడు ఎగశ్వాసలా వచ్చే శబ్దాన్ని ఊపిరి అనుకుని ఆగకండి. పెద్ద ఆసుపత్రులలో, కొన్ని రైల్వే స్టేషన్లలో, విమానాశ్రయాలలో గుండెను తిరిగి లయలోకి తెచ్చే ఏఈడీ ఉంటుంది. దగ్గరలో ఉంటే తెప్పించండి. నోట్లో నీళ్లు పోయడం, మట్టిలో పాతిపెట్టడం వంటివి అమూల్యమైన నిమిషాలను మింగివేస్తాయి.

ఈ ఛాతీ నొక్కే పద్ధతికీ కరెంటుకూ పుట్టుకలోనే సంబంధం ఉంది. అమెరికాలో కరెంటు లైన్ల మీద పనిచేసే కార్మికులు షాక్‌తో మరణిస్తుండటం వల్ల జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో మొదలైన పరిశోధనలలో నుండి అది వచ్చింది. 1960లో దానిని ప్రకటించిన ముగ్గురిలో ఒకరైన విలియం కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. షాక్ తగిలిన గుండె తరచు ఆరోగ్యవంతమైన గుండే కాబట్టి, వెంటనే నొక్కడం మొదలుపెడితే తిరిగి కొట్టుకునే అవకాశం ఇతర కారణాలతో ఆగిన గుండె కంటే మెరుగు. అందుకే వదిలిపెట్టవద్దు.

షాక్ తగిలి తేరుకున్నవారు ‘ఏం కాలేదు’ అని లేచిపోతారు. చర్మంమీద చిన్న మచ్చ ఉండి, లోపల కండరం కాలిపోయి ఉండవచ్చు. క్షణమైనా స్పృహ తప్పినవారు, గుండె దడదడలాడుతున్నవారు, కరెంటు ఒక చేతి నుండి మరొక చేతికి దాటినవారు, మూత్రం ముదురు రంగులో వస్తున్నవారు, గర్భిణులు ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి. అక్కడ ‘పడిపోయాడు’ అని కాక ‘కరెంటు కొట్టింది’ అని స్పష్టంగా చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టరు చేయించే పరీక్షలు మారతాయి.

చివరిగా దీపం గురించి కొంచెం. పవర్ సప్లై కొనేటప్పుడు టైమరు ఉన్నది తీసుకోండి, లేదా స్విచ్చు దగ్గర విడిగా పెట్టించండి. రాత్రంతా వెలిగే తెల్లని వెలుతురు పడకగది కిటికీలో నుండి కంటిమీద పడితే, నిద్రకు సమయమైందని శరీరానికి తెలిపే మెలటోనిన్ విడుదల తగ్గుతుంది. కంటిలో ఈ పని చూసే కణాలు నీలి వెలుతురుకు ఎక్కువగా స్పందిస్తాయి. దీపం డబ్బాపైన 2700 కెల్విన్లు లేదా 3000 కెల్విన్లు అని ఉన్న పసుపు వన్నె దీపాలు ఎంచుకుని, వెలుతురు కిందికి పడేటట్లు తిప్పండి. పురుగులు కూడా తక్కువ వస్తాయి. పదిన్నర, పదకొండుకు తోట దీపాలన్నీ ఆరిపోయేటట్లు టైమరు పెట్టి, మెట్ల దగ్గరి దీపానికి మాత్రం వేరే పాయ ఇచ్చి తెల్లవారేదాకా వెలగనివ్వండి. రాత్రి రెండు గంటలకు బయటకు రావలసి వచ్చే పెద్దవాళ్లకు అది చాలు.